మామ గొంతు మీద నడిగూడెం పెండ్లి

మా మేనమామది సూర్యాపేటల ఆర్కెస్ట్రా. డీజే డబ్బాలు రాకముందు మా దిక్కు పెండ్లైనా, వినాయకుడైనా, బట్టల దుకాణం ఓపెనింగైనా ఆర్కెస్ట్రా లేంది కాకపోయేది. ఇరవై ఏండ్ల సంది మామనే పాడేటోడు. ఒకాయన కీబోర్డు, ఒకాయన గిటారు, ఒకాయన దరువుకు ప్యాడ్లు. నేను యాంకర్ను. డిగ్రీ సదువుకుంటనే మైకు పట్టిన. నాకు పాట రాదు, నోరు తెరిస్తె వాడకట్టు కుక్కలన్ని లేస్తయ్. గని పేర్లు సదవమంటే బస్టాండుల మైకు పట్టేటోడు కూడ నా ముంగట దిగదుడుపే.

ఏం పేర్లంటరా? దాతల పేర్లు. పాట పల్లవి అయిపోంగనే కీబోర్డాయన సౌండు తగ్గియ్యాలె, నేను అందుకోవాలె. "పందిరి ఏయించిన ఫలానా రైస్ మిల్లు వారికి కమిటీ తరఫున హృదయపూర్వక ధన్యవాదములు" అనాలె. అప్పుడు చరణం. రెండో చరణం ముంగట పులిహోర దాత. పాట ఖతమయ్యేలోపల సోఫాలు పంపినాయన, కరెంటు దండలు కట్టించినాయన. విరహగీతమైనా సరే, మధ్యల పులిహోర రావాల్సిందే. రాకపోతే మర్నాడు ఆ దాత ఇంటిముంగట కమిటీ వాళ్లు నిలబడి బతిమాలుకోవాలె. ఇరవై ఏండ్లల మామ ఒక్క పాటన్నా మొదటికెళ్లి చివరిదాక ఆపకుండ పాడిండో లేదో నాకైతే అనుమానమే.

రెండువేల ఐదో ఆరో, సరిగ్గ యాదికి లేదు. మామ సీడీల షాపుల పాత పౌరాణికం సినిమా కిరాయికి తెచ్చిండు. ఇంటికొచ్చి డబ్బా తెరిచి పెడితే దాంట్ల దేవుడు లేడు, దయ్యం లేదు. ఎక్కడిదో విదేశపోళ్ల పాటకచ్చేరి ఉన్నది. ఇంత పెద్ద మైదానం, ఇసకేస్తె రాలనంత జనం, ఒక్క కుర్చీ లేదు. స్టేజి మీద ఏడెనిమిది మంది ముసలోళ్లు. నడుం దాక జడలు, నెరిసిన గడ్డాలు, ఒకాయనకు ఇంత బొజ్జ. అత్త చాయ గిలాసతో వచ్చి నిలబడి, గీ స్వాములు ఏ మఠపోళ్లని అడిగింది.

వాళ్ల దరువు ఒకటి విచిత్రం. దెబ్బ పడాల్సిన కాడ పడదు, పక్కకు పడ్తది. ఊరంత ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అన్నట్టు. మా ప్యాడ్లాయన జరసేపు చెవి ఒగ్గి ఇని, సీడీకి గీతలు పడ్డయని తేల్చి, బయటికి తీసి లుంగీకి తుడిచి మళ్ల పెట్టిండు. మళ్ల గదే దరువు. ఇంకోపాలి తుడిచిండు. మామ కసురుకుంటే అప్పుడు కూసున్నడు.

మామ ఆ సీడీ వాపస్ ఇయ్యలే. రోజు పొద్దుగూకితే అదే. భాష అర్థం కాకపోయినా రాగం మాత్రం పట్టుకున్నడు. గని ఆయన్ను పట్టుకున్నది పాట కాదు, కెమెరా. ఒకరోజు నన్ను కూసోబెట్టి సూపిచ్చిండు. ముసలాయన పాడుతుంటే కెమెరా ఆయన మొఖం మీదనే ఉంటది. చెమట కారుతుంటే చెమట, తీగె మీద వేలుంటే వేలు. పాట ఆగదు, శాలువా రాదు, పేర్లు రావు. మామ ఇరవై ఏండ్లల వందల పెండ్లి వీడియోలల్ల ఉన్నడు, ఉన్నడంటే పెండ్లికొడుకు భుజం ఎనక మోచెయ్యి, పురోహితుని పిలక పక్కన మైకు గొట్టం. ఎన్నడూ తను పాడింది తను ఇనలే. పాడేటప్పుడు పక్కన డబ్బాల మోతనే ఇనొస్తది గదా.

ఆ ఎండకాలమే గొంతు బొంగురువడుడు మొదలైంది. నల్లగొండ దవాఖానల డాక్టర్ లోపలికి సూసి గడ్డ ఉన్నదన్నడు, ఆపరేషన్ చెయ్యాలన్నడు. మాటకేం ఢోకా లేదట, పాట సంగతి మాత్రం తను మాటియ్యలేనన్నడు. మామ దసరా అయినంక చేయించుకుంటనన్నడు. బయటికొచ్చి బస్సుల నాకు చెప్పిండు, తనకొక పాటున్నదని.

అది సినిమా పాట కాదు, మామ నాయిన పాట. మా తాతది పెన్‌పహాడ్ దిక్కు. గొర్లు కాసెటోడు. మంద తోలుకొచ్చేటప్పుడు పాడుకునే నాలుగు ముక్కలు మామకు చిన్నప్పటి సంది నోటికున్నయ్. ఎన్నడూ స్టేజి మీద పాడలే, గొర్ల పాట ఎవడింటడని. ఆ జడల ముసలోళ్ల దరువు ఇన్నంక మామకు తట్టింది, మంద నడక అచ్చం గట్లనే ఉంటదని. ఆ దరువు మీద ఈ పాట కూసోబెట్టిండు.

"నల్ల గొర్రె గట్టెక్కి మేసె,
తెల్ల గొర్రె తొవ్వ మరిసె,
ఒక్కటి తక్కువ వచ్చెనయ్యో
ఇంటికెట్ల పోదు నాయినా"

బస్సుల కిటికీ పక్కన కూసోని సన్నగ పాడిండు. ముంగట సీటు ఆయన తిరిగి సూసిండు.  ఆపరేషన్ అయ్యేలోపల ఈ ఒక్క పాట, తన గొంతుల, మంచి కెమెరాల ఎక్కాలె. గంతే ఆయన కోరిక.

గంతే అనుకున్నడు పాపం. మా దిక్కు గంతే అన్నది ఏదన్నా గంతల్నే అయిందా?

ఆ ఏడు మిర్యాలగూడల రైస్ మిల్లుల కాడ వినాయకుని దగ్గర మాకు ప్రోగ్రాం ఉండె. కమిటీ అధ్యక్షుడు మిల్లు సేటు. మామ పోయి, ఈసారి ప్రోగ్రాం మొత్తం వీడియో తీయిద్దామని, విదేశాలల్ల గట్ల తీస్తరని చెప్పిండు. సేటు ఆలోచించి, వీడియోల దాతలు పడ్తరా అని అడిగిండు. పడ్తరన్నడు మామ. అయితే క్రేన్ కెమెరానే పెట్టిద్దామన్నడు సేటు. తన బిడ్డ పెండ్లి తీసిన వీడియో ఆయన కోదాడల ఉన్నడట, మహా పనిమంతుడట. మామ ఒక్కటే మాట అడిగిండు. నాయిన పాట వచ్చినప్పుడు పేర్లు సదవద్దు, శాలువాలు తేవద్దు. ఒక్క పాటే గదా, అట్లనే కానియ్యమన్నడు సేటు. ఆయన తప్పు ఏమీ లేదు, మాట మీదనే నిలబడ్డడు.

కోదాడ నుంచి వీడియో ఆయన వ్యాన్ల దిగిండు. క్రేనూ, లైట్లూ, అందరినీ "అండి" అంటడు, మమ్మల్ని సుత. అంత మర్యాద చేసెటోళ్లు మాకు అలవాటు లేక మా ప్యాడ్లాయన కూడ ఆయన్ను అండి అనుడు మొదలువెట్టిండు. మామ ఆయన్ను పక్కకు తీస్కపోయి, సీడీల ఎట్ల ఉన్నదో చేతులతోటి సూపిచ్చి చెప్పిండు. కెమెరా పాడేటోని మొఖం మీద ఉండాలె. ఆయన అన్నిటికీ "మీరేం కంగారు పడకండి, మనకి అలవాటే" అన్నడు. నిజమే, ఆయనకు అలవాటే. కొంపలు ముంచింది ఆ అలవాటే.

పొద్దుగూకంగనే ప్రోగ్రాం మొదలైంది. క్రేన్ పైకి లేస్తది, జనం తలకాయల మీదికెళ్లి తిరుగుతది, తిరిగి తిరిగి పోయి సోఫాల మీద వాల్తది. కాలువ గట్టు మీద కొంగ లెక్క. సోఫాల మీద మిల్లులోళ్లు, వాళ్ల ఆడోళ్లు, పట్టు చీరలు. కెమెరా రాంగనే అందరు బొమ్మలైతున్నరు. మామ పాడుతుంటే కెమెరా పులిహోర తినేటోళ్ల నోళ్లు తీస్తున్నది. పెండ్లిల తినేటోళ్లను తియ్యకపోతే వీడియో ఆయన్ను తంతరు మరి. నేను స్టేజి మీదికెళ్లి కండ్లతోటి, చేతులతోటి ఇటు ఇటు అని సైగ చేస్తున్న. ఆయన నన్ను కూడ ఒక షాట్ తీసుకొని మళ్ల సోఫాల దిక్కు పోయిండు.

గని నాయిన పాట వచ్చేసరికి నేనే మైకుల చెప్పిన, ఈ పాట మధ్యల పేర్లు సదవనని. ఇరవై ఏండ్లల మొదటిసారి. ప్యాడ్లాయన దరువు అందుకున్నడు, ఈసారి తుడవలే. కెమెరా కూడ మామ మీదికొచ్చింది, నిజం చెప్పాలె గదా, పాట మొత్తం మామ మీదనే ఉన్నది. మామ కండ్లు మూసుకొని పాడిండు. ఎంత పాడిండంటే, ఎనక గోడ కాడ నిలబడ్డ మిల్లు హమాలీలు, అప్పటిదాక మాస్ పాట, మాస్ పాట అని చీటీలు పంపినోళ్లు, ఒక్క చీటీ గూడ పంపలే. "ఒక్కటి తక్కువ వచ్చెనయ్యో" అన్నకాడ గొంతు జీరపోయింది. గడ్డ వల్లనో, తాత యాదికొచ్చో నాకు తెల్వదు. గని ఆ జీర లేకపోతే ఆ పాట లేదు. అయిపోయినంక ఒక హమాలీ మళ్లొకపాలి పాడుమన్నడు. అప్పటికే శాలువాల టైమైంది. సేటు స్టేజి ఎక్కిండు, నేను పేర్ల కాయితం తెరిచిన.

దసరా అయింది, ఆపరేషన్ అయింది. మామ గొంతు సైకిల్ ట్యూబుల గాలి పోయినట్టు అయింది. మాట ఇంట్లోళ్లకు అర్థమైతది, అంతే. డాక్టర్ గట్టిగ మాట్లాడొద్దన్నడు. పాట పేరే ఎత్తొద్దన్నడు, మళ్ల గడ్డ లేస్తదని. మామ తల ఊపిండు. ఆయన ఫికరంత డీవీడీ మీదనే. కోదాడాయనకు పెండ్లి ముహూర్తాలు మస్తున్నయట, మిక్సింగ్ అయితలేదట. నెలలు గడిచినయ్. ఆఖరికి వచ్చింది. అట్ట మీద వినాయకుడు, వినాయకుని కడుపుల సేటు. మామ ఫోటో ఏడున్నదా అని ఎతికితే ఎనకదిక్కు దొరికింది.

చుట్టాలనందరిని పిలిచి ఇంట్ల వేసినం. మొదలే గులాబీ పువ్వు విచ్చుకొని దాంట్లకెళ్లి మామ బయటికొచ్చిండు. తామర పువ్వులకెళ్లి ప్యాడ్లాయన. పైనుంచి గుండె గుర్తులు రాలుతున్నయ్. నేను రెండు పావురాల నడుమ తిరుగుతున్న, నా పెండ్లి ఎవనితోటో మరి తెల్వదు. అందరు నవ్వుకుంట సూస్తున్నరు. ఇగ మొదటి పాట. ఏం గొంతు. తేనె. మామ మొఖం ఎలిగిపోయింది. నా దిక్కు తిరిగి, గాలి గొంతుతోటి అడిగిండు.

"బిడ్డా, నేను గింత మంచిగ పాడేటోన్నా?"

 చుట్టాలైతే ఒకటే మెచ్చుకునుడు. ఈసారి గొంతు భలే పలికిందట, క్రేన్ పెడితే గట్లనే వస్తదట. నాకు మాత్రం ఎక్కడనో కొడుతున్నది. జరసేపటికి పిల్లనగ్రోవి మోగింది. తర్వాత వయొలిన్లు, ఒకటా రెండా, ముప్పై నలభై ఉంటయ్. మా దాంట్ల వాయించేటోళ్లు ముగ్గురే, పిల్లనగ్రోవి పట్టినోడు ఒక్కడు లేడు. కీబోర్డాయన నా మొఖం సూసిండు, నేను ఆయన మొఖం సూసిన. అత్త లేచి వంటింట్లకు పోయింది, గిన్నెలు సప్పుడు చేసుడు మొదలువెట్టింది.

నాయిన పాట వచ్చింది. అదే, మామ మొఖమే, కండ్లు మూసుకొని, చెమట, గొంతు మీద నరాలు. సీడీల ఎట్లున్నదో అచ్చం గట్లనే తీసిండు. గని ఆ నోట్లకెళ్లి వస్తున్నది ఆ ఏడు హిట్టైన సినిమాల మాస్ పాట. హీరోయిన్ నడుం మీద పాట. మామ పెదవి గొర్రె అంటుంటే పాట ఇంకేదో అంటున్నది. చుట్టాలకు అప్పటికి గూడ ఎరుక కాలే. ఒక పెద్దమ్మ చప్పట్లు కొట్టింది. మామ రిమోట్ తీసుకొని బంద్ చేసిండు. ఆయన మొఖం నేను ఇప్పటికీ మర్సిపోలే.

నేనూ మామా మర్నాడు కోదాడ పోయినం. నేను తయారుగ పోయిన, బస్సు దిగినకాడి సంది తిట్లు ఏరుకుంట. వీడియో ఆయన నవ్వుకుంట కూసోబెట్టి కూల్‌డ్రింక్ తెప్పిచ్చిండు. నేను అడిగినదానికి ఆయన నిజంగనే ఆశ్చర్యపోయిండు. లైవ్ సౌండ్ ఎవరైనా ఉంచుతారా అండి, అంతా గోల, జనం దగ్గులు, మైకు కూతలు. పెళ్లిలో మంత్రాలు తీసేసి పాటలు వెయ్యమా, అలాగే. పైగా మీకోసం సినిమాల్లోని ఒరిజినల్ పాటలే వెతికి మరీ వేశాను, ఒక పాట ఏంటో దొరకలేదు, అందుకని దాని బదులు మంచి హిట్టు వేశాను అన్నడు. దొరకకపోయిన పాటే మా తాతది. దొరకాలంటే పెన్‌పహాడ్ గట్ల మీద ఎతకాలె.

తిట్టిన. బాగనే తిట్టిన. ఆయన అండి అనుడు మాత్రం ఆపలే. మామ నన్ను ఆపి, కెమెరాల తీసిన అసలు క్యాసెట్ ఇయ్యమని, సౌండు ఎట్లున్నా పర్వాలేదని అడిగిండు. మామ మాట అర్థం కాక ఆయన నా దిక్కు సూసిండు. నేను చెప్పిన. అప్పుడు ఆయన మొఖం జర మారింది.

"దాని మీద నడిగూడెం పెళ్లి ఎక్కించేశామండి."

వాళ్ల తాన క్యాసెట్లు ఒకదాని మీద ఒకటి తీస్తనే ఉంటరు. ఒక పెండ్లి మిక్సింగ్ అయితే దాని మీద ఇంకో పెండ్లి. మామ ఆ పెండ్లి క్యాసెటే ఏయమన్నడు. ఎక్కడన్నా, మూలకన్నా, మిగిలి ఉంటదేమోనని. కూసోని మొత్తం సూసినం. మంగళస్నానం సూసినం, జీలకర్ర బెల్లం సూసినం, తలంబ్రాలు సూసినం. పెండ్లికొడుకు బామ్మర్ది తిన్న లడ్డూలు సూసినం. ఎవరి పెండ్లో తెల్వదు, పెండ్లికూతురు ఏడ్చి కారెక్కితే నాకూ ఏడుపొచ్చింది. మామ కండ్లు ఆర్పకుంట సూస్తున్నడు. కారు పోయింది, తెర నల్లగైంది. జర గీతలు వచ్చినయ్, తర్వాత మిర్యాలగూడ స్టేజి వచ్చింది. మామ కుర్చీల ముంగటికి జరిగిండు.

మిగిలింది చివరి ముక్క. దాంట్ల మామ లేడు. నేనున్న. మైకు పట్టుకొని గట్టిగ, స్పష్టంగ, ఒక్క అక్షరం పోకుంట సదువుతున్న. సోఫాలు పంపిన టెంట్ హౌస్ వారికి, పులిహోర దాతలకు, కరెంటు దండలు కట్టించిన వారికి. వీడియో ఆయన సంబురపడి, చూశారా అండి, మీ వాయిస్ ఎంత క్లియర్‌గా ఉందో అన్నడు. నాకు ఆ టీవీ ఎత్తి ఆయన నెత్తిన వెయ్యాలనిపిచ్చింది. మామ లేచి, చెప్పులేసుకొని బస్టాండు దిక్కు నడిచిండు. 

ఇటు మిర్యాలగూడల మాత్రం డీవీడీ మస్తు నడిచింది. దాతలందరు తలా ఒకటి తీసుకపోయిండ్రు. వాళ్ల ఆడోళ్ల పట్టు చీరలు బ్రహ్మాండంగ పడ్డయట. మర్సటేడు వినాయకునికి సేటు ఫోన్ చేసిండు. ఈసారి ఆర్కెస్ట్రా వద్దన్నడు. పోయినసారిది గంత మంచిగ వచ్చింది, దాన్నే పెద్ద తెర మీద ఏద్దాం, మీకెందుకు తక్లీఫ్ అన్నడు. మామను మాత్రం రమ్మన్నడు, సన్మానం చేస్తమన్నడు. నేను పోవద్దన్న. మామ ఇస్త్రీ అంగీ తొడుక్కున్నడు. అత్త కూడ వస్తనని బయల్దేరింది. ఇన్నేండ్లల ఆమె ఒక్క ప్రోగ్రాంకు రాలే.

గా తెర కింద, పాత సోఫాలల్ల పాత మనుషులే కూసున్నరు. తెర మీద కూడ వాళ్లే, అందుకే సంబురంగ సూస్తున్నరు. తెర మీద మామ ఎవరిదో గొంతుతోటి పాడుతుండు. తెర కింద మామ చేతులు కట్టుకొని నిలబడ్డడు. నడుం పాట అయిపోంగనే ఆపి, సేటు మామకు శాలువా కప్పి, మిర్యాలగూడ మరువని గాత్రమని పొగిడి, రెండు ముక్కలు మాట్లాడుమని మైకు ఇచ్చిండు.

మామ మైకు దగ్గరికి తెచ్చుకొని, కండ్లు మూసుకొని, నల్ల గొర్రె గట్టెక్కి మేసె అని అందుకున్నడు. దరువు లేదు, పిల్లనగ్రోవి లేదు. డబ్బాలల్లకెళ్లి బుస్సు బుస్సుమని గాలి వచ్చింది. జనం ఒకల మొఖం ఒకలు సూసుకున్నరు. మైకు సెట్టాయన వైర్లు కదిలించిండు, డబ్బా మీద కొట్టిండు. మైకు ఖరాబైందనుకొని బంద్ చేసిండు. సేటు హారతికి టైమైతున్నదన్నడు. సోఫాలు లేచినయ్, పులిహోర కాడ లైను కట్టినయ్.

మామ మాత్రం ఆపలే. మైకు బంద్ అయిన సంగతి ఎరుకైందో కాలేదో, పెదవులు కదుల్తనే ఉన్నయ్. నేను స్టేజి దిక్కు ఉరికిన, ఆపుదామని. గొంతు పోతది గదా. నాకంటే ముంగట అత్త పోయింది. ఆడోళ్ల దిక్కు నుంచి ప్లాస్టిక్ కుర్చీ ఈడ్చుకుంట పోయి, స్టేజికి ఆనిచ్చి ఏసుకొని, కూసున్నది. కొంగు సర్దుకొని తలకాయ పైకెత్తింది.

"ఇనొస్తలేదు. మొదటికెళ్లి పాడు, గట్టిగ పాడు."

డాక్టర్ ఏం చెప్పిండో ఆమెకు తెల్వదా అంటే, తెల్సు. దవాఖానల ఆ మాట చెప్పినప్పుడు పక్కన కూసున్నది ఆమెనే. మామ కండ్లు తెరిచి ఆమెను సూసిండు. మైకు కింద పెట్టి, శాలువా తీసి పక్కన పడేసి, మొదటికెళ్లి అందుకున్నడు.